తొంభై మీటర్లు

కాగితం మొదటి పేజీలోనే ఉంది:
కేబుల్ తొంభై మీటర్లు దాటకూడదు.
నోల్బెర్తో రెండుసార్లు చదివాడు,
కళ్ళద్దాలు తుడుచుకుని మూడోసారి.
బయట చిలోయె దీవి మీద
నిన్నటి వానే ఇంకా పూర్తవలేదు.

చెక్క బడి. గోడలు చెక్క, కప్పు చెక్క,
చేప పొలుసుల్లా పేర్చిన పెంకులూ చెక్కే,
ఉప్పుగాలికి నెరిసిపోయాయి.
జూలై చలి సెలవులు.
పిల్లలు లేరు గానీ పొయ్యి వెలుగుతోంది,
కాపలా ముసలామె ఒర్తెన్సియా
మాకోసం బంగాళాదుంపలు కాలుస్తోంది.

కరెంటు వైరుకి జానెడు ఎడం.
మలుపులో మెడ విరిచినట్టు వంచకు.
లోపల జంటలుగా పెనవేసుకున్న రాగి,
కొసన గోరంత కంటే ఎక్కువ విప్పకు.
గట్టిగా లాగకు, ఇది పడవ తాడు కాదు.
నేను పడవల మధ్య పుట్టినదాన్ని,
తాడులాంటిది ఏది తగిలినా
చేతులు వాటంతటవే బిగుస్తాయి.
వేళ్ళకి ఆ అలవాటు మాన్పించడానికి
మూడు రోజులు పట్టింది.

గోడకి కన్నం పెడితే
నిప్పు దాటని ముద్దతో పూడ్చాలి.
కాగితం ఒక్క వాక్యంలో తేల్చేసింది.
ఒర్తెన్సియా తేల్చలేదు.
తన చిన్ననాటి బడి ఒక్క రాత్రిలో పోయిందట.
"నిప్పుకి తలుపక్కర్లేదమ్మా,
వేలు పట్టే సందు చాలు."
ఆ తర్వాత ప్రతి కన్నాన్నీ
నేనే పూడ్చి, వేలితో నొక్కి చూశాను.

చివరి గది
సోమవారం పడవలో వచ్చి
శుక్రవారం దాకా ఇక్కడే పడుకునే
అవతలి దీవుల పిల్లలది.
టేపు సాగదీశాం. తొంభై నాలుగు.
మళ్ళీ. తొంభై నాలుగు.

"పని చేస్తుందిలే," అన్నాను,
"నాలుగు మీటర్లకి ఎవరేడుస్తారు?"
"చేస్తుంది, చేసినన్నాళ్ళు.
ఒక రాత్రి ఏ పిల్లో అమ్మ మొహం చూస్తుంటే
ఆ మొహం ఆగిపోతుంది.
అప్పుడు నిన్నెవరూ తిట్టరు, వానని తిడతారు."

పెట్టె నడవ మధ్యకి జరగాలి.
మధ్యలో ఉన్నది ఒకటే చిన్న గది.
ఒర్తెన్సియా ఇష్టం లేకుండానే తాళం తీసింది:
మర్చిపోయిన రెయిన్‌కోట్లు, ఉన్ని టోపీలు,
ఒంటి బూటు.
అన్నిటికీ పేర్లు కుట్టి ఉన్నాయి.
కొందరు ఈపాటికి తాతలై ఉంటారు.
"వస్తారు," అంది.

పొడిగా ఉండాలి, గాలాడాలి, తాళం ఉండాలి,
అంటుంది కాగితం.
మూడూ ఇక్కడే ఉన్నాయి, ఏం చెయ్యను?
ఆమె ఒక్కొక్క కోటూ తనే మోసింది,
నన్ను ముట్టనివ్వలేదు.

ఇప్పుడు యాభై ఒకటి.
ఇల్లు అలకగానే పండగ కాదు,
ప్రతి కొసనీ మీటరుకి తగిలించాలి,
పచ్చ దీపం కోసం ఆగాలి,
రెండు చివర్లా ఒకే అంకె అతికించాలి.

"రెండిటికీ ఒకటే ఎందుకు?" అడిగింది.
"ఒక కొస తప్పిపోతే
రెండోది పట్టుకుని వెతకడానికి."

ఆమె ఏమీ అనలేదు.
బూటుని తిరగేసి, లోపల చెయ్యి పెట్టి,
తడి ఉందేమో చూసి,
పొయ్యికి కాస్త దగ్గరగా పెట్టింది.
దుంపలు ఒకవైపు మాడాయి.
అలాగే తిన్నాం.