బువ్వ తొవ్వ

సల్మాబాద్ క్యాంపుల పద్నాలుగో నంబరు రూము.
దొరలు ఖాళీ చేసిన విల్లా కాడ
చెత్తల దొరికిందీ డబ్బ,
మూత మీద మంచు, మంచుల ట్యాంకులు.
తెచ్చినోడు సత్తిపండు, అమలాపురం దిక్కోడు.
"అమ్ముదామనుకున్నానండి, ముక్కలు తక్కువున్నాయి" అన్నడు.

అట్టను రెండు మంచాల నడుమ పరిచినం.
తేనెతుట్టె లెక్క ఆరు మూలల గదులు,
నదులు, బురద, ఒక రైలుపట్టా.
మాకు తెలిసిన మంచు
ఏసీ పైపు మీద పేరుకునేదే.
పోయిన ముక్కల జాగల
పెప్సి మూతలు నా ఫౌజు,
లబాన్ మూతలు మస్తాన్‌వలిది.

బుక్కు చదివేది మస్తాన్‌వలి,
రాయచోటిల ఇంటరు దాకా పోయినోడు.
చదివిన ప్రతి మాటకూ మేం పేరు పెట్టినం:
పక్క గదిల శత్రువుంటే కాలు ఆగాలె, అది చెయ్యిదాపు.
ఓడి ఎనుకకు పోతే సరుకుడు.
తిండీ మందుగుండూ వచ్చే బాట బువ్వ తొవ్వ.
తొవ్వ కాదండి దారి అన్నడు సత్తిపండు.
ఆ పంచాయితికే ఒక శుక్రారం పాయె.

మొదటి ఏడాటలూ నేనే ఓడిన.
పాచికను తిట్టిన.
"దాన్నేమనకు" అన్నడు లింబాద్రి,
నీళ్ళ ట్యాంకరు నడిపేటోడు.
"నీ ట్యాంకులు పట్నం దాకా ఉరికినయి, మంచిదే.
ఎనుక నీళ్ళెవ్వరు తెస్తున్నరు?
నేనొక్క పూట ఆలిశమైతే
అవాలి సైటుల నలభై మంది
పని బందు వెట్టి నీడకు కూసుంటరు."

ఆ రాత్రి నుంచి
ఆట అయిపోంగనే పండుకునుడు బంద్.
సిమెంటు సంచి కాయితం చింపి గీతలు కొట్టినం:
ఏ ఎత్తు, ఎవరు చెప్పిన్రు, ఎందుకు.
పరంజ కట్టుడు నా పని. నాకు తెలిసింది ఒక్కటే,
కింది క్లాంపు బిగియకుంటే మీదికి ఎక్కొద్దు.
అదీ రాసిన్రు.
వంట కుంజుమోన్ గంటె పట్టుకొనే వచ్చి
మలయాళంల ఏదో గొణిగి
ఒక మూతను ఎడమకు జరిపి పోతడు.
అదే సరైందని రెండు దినాలకు తెలుస్తది.
సత్తిపండుకు గొంతు పెద్దది, లెక్క చిన్నది.
ఎవని మాట ఎప్పుడు ఇనొద్దో
అది ఏ బుక్కుల లేదు.

పోశెట్టి తాత ఆడడు.
అర్వై నిండినయి, వచ్చే నెల వీసా కతం.
పై మంచం మీదికెల్లి చూస్తడు, అంతే.

మస్తాన్‌వలి మూతల్ని నది ఒంపుల చుట్టుముట్టిన రాత్రి,
గెలుపు ఒక్క గది దూరం,
రూమంత ఒకటే లొల్లి, "మూసెయ్యి, మూసెయ్యి!"
పైనుంచి ఒక చెయ్యి దిగింది,
గోర్ల సందుల గ్రీజు.
ఆఖరి గది మీద వేలు పెట్టి
"గిది ఇడువు" అన్నడు తాత.
"తొవ్వ లేనోడు కరుస్తడు.
ఉన్నోడు దిక్కులు చూస్తడు."
బుక్కుల ఉన్నదా తాతా అని నవ్విన.
"తొంబైల కువైట్‌ల ఉంటి.
బాగ్దాదు మీదికెల్లి అమ్మాను దాకా
ఒక్క రోడ్డు తెరిచి ఉండె" అన్నడు.
నీళ్ళ సీసా ధర చెప్పిండు.
లింబాద్రి తల వంచుకున్నడు.
తాత గోడ దిక్కు తిరిగి పండిండు.

నేను ఆ గది ఇడిసిన.
మస్తాన్‌వలి శాన సేపు చూసిండు,
పోనూ లేదు, కొట్టనూ లేదు,
"రేపు చెప్తాలే అప్పా" అన్నడు.
నాలుగింటికి బస్సు. లైటు ఆర్పాలె.
మూతలు కదలకుండ
నలుగురం నాలుగు మూలలు పట్టి
అట్టను మంచం కిందికి జరిపినం.

చీకట్ల, ఫోను ఎలుగుకు కాయితం మీద రాసిన:
ఒక గది ఇడుసుడు. చెప్పింది పోశెట్టి.
ఎందుకు అన్న కాడ
పెన్ను శానసేపు ఆనించి ఉంచిన.
ఒక సిరా చుక్క పడ్డది.