నిండు బిందె దూరం

మొదటిసారి అక్షాంశం చోట రేఖాంశం పడింది.
వెలిగండ్ల అవతలి నలభై మూడు ఇళ్ళూ
ధ్రువం దగ్గరి మంచులో తేలాయి.
కనిగిరి లాడ్జిలో ఫ్యాను తిరగని మధ్యాహ్నం,
ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

సరిచేశాక జవాబొచ్చింది:
సున్నా పాయింటు సున్నా ఒకటి సున్నా ఎనిమిది.
డిగ్రీలు. డిగ్రీల్లో ఎవరు నడుస్తారు?
భూమి గుండ్రమని దానికి విడిగా చెప్పాలి.
చెప్పాను.
వెయ్యీ నూట తొంభై మీటర్లు,
మాలకొండమ్మ గడప నుంచి
ఫ్లోరైడ్ ఎర్రరంగు పూయని
ఒకే ఒక్క బోరు దాకా.

తెర నిండా గళ్ళు.
ఐమూలగా సున్నాలు, ఎవరికి వాళ్ళు దూరం లేనట్టు.
ఆ గీతకు పైనున్నదే కిందా:
పోను ఎంతో రాను అంతే.

పొద్దున కాగితం చదివి వినిపిస్తే
సరిగ్గా వంగని మోకాలు చాపుకుని అంది:
"పొయ్యేది సరే నాయనా,
వచ్చేది యాడ రాశావు?"

వెంట నడిచాను.
ఖాళీ బిందె చంకలో ఉన్నంతసేపూ
నేనే వెనకబడ్డాను.
నిండాక, సర్కారు కంప దగ్గర ఒకసారి ఆగింది.
కల్వర్టు గోడ మీద బిందె దించి ఇంకోసారి.
మట్టి తవ్వుకుపోయిన గుంట దగ్గర
దించకుండానే, నిలబడి.
నాలుగోచోట ఎందుకాగిందో అడగలేదు.
చెప్పులో ఇసుక దులుపుకుంటూ
ఇల్లెంత దూరముందో చూసింది.

రాత్రి ఆ గళ్ళలో కింది సగం చెరిపేశాను.
ఏం నింపాలో తెలీదు.
ప్రోగ్రాం మాత్రం అడుగుతోంది,
ఏ కొలతలో అని.