ఏ పార్టీ

రంజాన్ నెలలో, కువైట్ రుమైతియాలో
నేను పనిచేసే ఇల్లు పొద్దుగూకినాక నిద్ర లేస్తాది.
రాత్రి రెండుకు ఆఖరి గిన్నె బోర్లించి
లుగైమాత్ పళ్ళెం తీసుకోని మేడెక్కితే
మిషారీ కాలికి సిమెంటు కట్టుతో
టీవీ ముందర కూర్చోనుంటాడు.
పద్నాలుగేండ్లు. ఫుట్‌బాల్‌లో ఇరిగింది.
తెర మింద కోట, మంచు, కోరపండ్లోళ్ళు.

"కూర్చో ఉబ్లా" అన్నాడు.
ఓబులమ్మ అనేదానికి వాని నోరు తిరగదు.
"ఈ రాత్రి తేల్చాల. మూడు ఫ్యాక్షన్లు. యా పక్క పోదాం?"

వాని అరబీ సగం, నా హిందీ సగం,
ఎట్లనో ఒకట్ల నడుపుకుంటాం గానీ
ఆ ఒక్క మాట నాకెవురూ చెప్పబన్లేదు.
విమానం ఎక్కకముందు నాకొచ్చిన ఇంగ్లీషు రెండే:
బస్సు, ఫ్యాక్షను.

మా ఊర్లో యా పక్కని అడగరు.
పడమటి వీధిలో పుడితే ఒక పార్టీ,
బోరింగు కాడ పుడితే ఇంకోటి.
మాయన్న పుల్లయ్య ఆరేండ్లు
పెద్దాయన మిద్దె మింద పండుకున్యాడు,
పక్కన బకెట్లో ఇసుక, ఇసుకలో బాంబులు,
మూడు పూటల సంగటికి, ఏడాదికి రెండు లుంగీలకు.
ఆఖరికి పెద్దాయన కూతుర్ని
ఎదుటి పార్టీ కొడుక్కే ఇచ్చి రాజీ అయినారు.
ఇద్దురూ ఒకే బంతిలో కూర్చోని తిన్యారు.
కేసు మాత్రం మాయన్న పేర్నే ఉండిపాయ.
వాయిదాకు ఇంతని వకీలుకు
ఈన్నుంచి నేను పంపిస్తా ఉండా.

మిషారీ చెప్తానే ఉన్నాడు.
మొదటోళ్ళది పాత రక్తం. కిరీటం, చట్టం,
వెండి గిన్నెలో తప్ప తాగరు.
ఇంకోళ్ళు మురిక్కాలవల్లో ఉంటారు,
దొరికినోని గొంతు పట్టుకుంటారు, అందురూ సమానమే అంటారు.
మూడోవోళ్ళు మంచోళ్ళు. ఒట్టు పెట్టుకున్యారు.
మనుషుల్ని ముట్టరు, సీసాల్లో కొనుక్కుంటారు.

"సీసాల్లోది ఎవురిది?"

నా పక్క చూసినాడు. మీటలు నొక్కి ఎతికినాడు.
"అది ఆటలో లేదు."

కోట వంటింట్లో ఒక ఆడమనిషి ఉండాది.
మెడకు గుడ్డ చుట్టుకోని కుండ తోముతా ఉంటాది.
ఎన్నిసార్లు పలకరించినా ఒకటే జవాబు:
దొరగారు నిద్ర లేచినారు.
"ఆమెది యా పార్టీ?"
"ఆమె ఎవురూ కాదు ఉబ్లా. ఊరికే ఉంటాది."
"ఆమె పక్క పో."

నవ్వినాడు. నేను నవ్వలేదని చూసి ఊరకైనాడు.
ఆమె ముందర నిలబడితే తెర అడుగున నాలుగు వరసలు.
చదివి చెప్పినాడు: తాగు. బెదిరించు. కొనుక్కో.
నాలుగోది సన్నగా, బూడిద రంగులో:
తలుపుకు అడ్డం తప్పుకో.

తప్పుకున్యాడు.
ఆమె కుండ కింద పెట్టింది.
చేతులు పావడాకు తుడుచుకుంది.
(ఆ చేతులు తుడుచుకునేది పెట్టినోడెవుడో గానీ
వాళ్ళమ్మ యాడో గిన్నెలు తోమింటాది.)
వెనక తలుపు తీసుకోని పాయ.

తప్పెట మాదిరి ఏదో మోగింది.
మూడు పార్టీల గీతలూ ఒకేసారి ఎర్రగైనాయి.
"ముగ్గురూ మన మిందికొస్తారు! ఆరు రాత్రుల కష్టం!"
వాని గొంతు ఏడుపుకొచ్చింది.
రానీలే నాయనా, అన్యా.
కింద మేడమ్ పిలిచింది, సహరీకి రొట్టెలు.

మర్నాడు వాడు ఆటను వెనక్కి తిప్పినాడు.
కిరీటమోళ్ళలో చేరినాడు. ఆమె మళ్ళా కుండ కాడ.
నేనేమనలేదు.
కాలికి కట్టు, బయటికి పోలేడు, గెలవాల గదా.

శుక్రవారం ఫోన్ చేస్తే వాయిదా మళ్ళా పడిందంట.
జడ్జి సెలవు.

పండగ ముందు రాత్రి
మిషారీ ఇంకో ఆట తెరిచి చూపించినాడు.
ఆ రాత్రిది చెరపలేదంట, పక్కన దాచినాడంట,
నా పేరు పెట్టి, అరబీలో,
కుడి నుంచి ఎడమకు పోయే ఓబులమ్మ.

వెనక తలుపు అవతల
ఆట చేసినోళ్ళు ఏమీ గీయలేదు.
మంచు లేదు, దోవ లేదు, గోడ కూడా లేదు.
మెడగుడ్డ ఎప్పుడు తీసేసిందో,
ఆ ఏమీ లేనిదాంట్లో
ఆమె పోతానే ఉండాది.