రింగు వంకర

వనపర్తి కాలేజీ గ్రౌండుల ఆ రింగు
వెల్డింగు జేసింది నేనే.
కూలి మూడొందలు ఇచ్చిండ్రు,
రాడ్ల పైసలు ఇంకా రాలే.

ఈసారి గూడ ఓడిండ్రు.
గద్వాలోల్లు యాభై రెండు, మనోల్లు పందొమ్మిది.
అండ్ల పదకొండు ఫ్రీ త్రోలే,
అవతలోల్లు తోసి తోసి ఇచ్చిన దానం.

ఆ పొడుగు పోరడు చెన్నకేశులు,
బాల్ చేతికొస్తె
పెండ్లికార్డు పట్టుకొని ఇల్లు తెల్వనోని లెక్క
నిలవడ్తడు, నడిమిట్ల.
పాస్ ఇయ్యిరా! ఎవనికన్న ఇయ్యి!
గొంతు పోయింది నాకు.
షాపు బంద్ వెట్టి వచ్చినరా నీ కోసం,
రెండు గేట్లు, ఒక ట్రాక్టర్ ట్రాలీ
అట్లనే పడున్నయి.

ఆట అయినంక కోచ్ సారు అంటడు:
"రింగు వంకరున్నది."
అదే రింగుల గద్వాలోల్లు
సగమాట ఏస్తనే ఉండిరి గద సార్!

రాత్రి నిద్ర వట్టలే.
నిచ్చెన, టార్చిలైటు, రసమట్టం
భుజానేసుకొని గోడ దుంకిన.
బుడగ నడిమిట్ల ఆగలే.
ఎడమకు జరిగింది,
నువ్వుగింజంత.

దిగిన. ఎవ్వరికి జెప్పలే.

శనివారం కొల్లాపూరోల్లతోని మ్యాచ్.
షాపు బంద్.