సున్నాలు రాసినవాడు

గాజు మీద బంగారు రేకు అతికించాలంటే
లోపలి నుంచే అతికించాలి, తిరగేసి.
ఉడుత తోక వెంట్రుకల కుంచెని
ముందు నా చెంపకి రాసుకుంటాను.
చర్మానికుండే ఆ కాస్త జిడ్డుకే
రేకు లేచి కుంచెని పట్టుకుంటుంది.
ఊపిరి బిగబట్టాలి. గాలి తగిలిందా, పోయిందే.

అలా పదకొండు రోజులు రాశాను
నెబ్రాస్కాలో, ఎల్డర్‌ఫోర్డ్ అనే ఊళ్ళో,
థోర్న్‌డైక్ గారి బ్యాంకు కిటికీ.
పేరు, పేరు కింద గీత, గీత కింద
మూలధనం 50,000 డాలర్లు.
అందులో అంకె ఒక్కటే, ఐదు.
బంగారమంతా సున్నాలే తిన్నాయి.

వీధిలోంచి చూస్తే తిన్నగానే ఉండేది.
లోపల కూర్చునే గుమాస్తా లూసియస్‌కి మాత్రం
నాలుగేళ్ళూ ముందు సున్నాలే,
చివర్న ఎక్కడో ఐదు.
"నీ రాత మాకు కాదోయ్, బయటివాళ్ళకి" అని నవ్వేవాడు.

కూలి ముప్ఫై రెండు డాలర్లు చేతికివ్వలేదు.
నా పేర పుస్తకం తెరిచి, అందులో రాసి,
సిరా ఆరేదాకా ఊది మరీ ఇచ్చాడు థోర్న్‌డైక్.
మురిసిపోయాను.
నిచ్చెనలెక్కేవాడికి బ్యాంకులో ఖాతా!

తొంభై మూడు, జులై. బుధవారం.
పొద్దున్నే తలుపు మీద కాగితం:
చెల్లింపులు తాత్కాలికంగా నిలిపివేయడమైనది.
లూసియస్ చేతిరాత.
'తాత్కాలికంగా' దగ్గర కలం కాసేపు ఆగినట్టుంది,
అక్కడ సిరా లావెక్కింది.
నాకు కనిపించేవి అవే. అలవాటు.

ఎవరూ అరవలేదు. అదే వింత.
గుడ్లమ్మి కూడబెట్టుకున్న హెడ్విగ్ క్రౌస్‌బెర్గర్
కాగితం చదివి పెట్టమని ముగ్గుర్ని అడిగింది.
ముగ్గురూ ఒకటే చదివేసరికి
నాలుగో మనిషి కోసం చూసింది.
మంగలి బార్తోల్మ్యూ సగం గీసిన గడ్డాన్ని వదిలి పరిగెత్తుకొచ్చాడు.
సగం గడ్డం మనిషీ వెనకే వచ్చాడు, మెడలో గుడ్డతో,
అతని డబ్బూ అక్కడే.
ఎండెక్కింది. సున్నాలు ధగధగలాడాయి.
"ఆ కిటికీ చూసే వేశానయ్యా" అన్నారెవరో.
నాతో కాదు.
అయినా నేను పక్క సందులోకి జరిగాను.

థోర్న్‌డైక్ రాత్రికి రాత్రి పారిపోయాడంటారు. కాదు.
ఇల్లూ, బగ్గీ, భార్య పియానో అమ్ముకుని
ఆ చలికాలమంతా ఎదురుపడ్డవాళ్ళకల్లా టోపీ తీశాడు.
బదులు తీసినవాళ్ళు లేరు, నాతో సహా.
అతను అప్పులిచ్చింది మా పొలాలకే,
వాన రాని మా మొక్కజొన్నకే.
ఈ ముక్క ఒప్పుకోడానికి నాకు పదేళ్ళు పట్టింది.

మార్చిలో కోర్టు మనిషి వచ్చి
డాలరుకి పదకొండు సెంట్లు పంచాడు.
నా వంతు మూడు డాలర్ల యాభై రెండు.
ఆ యాభై రెండూ పుచ్చుకుని నేనే అడిగాను,
కిటికీ ఎవరు గీకుతారని.

కత్తి బార్తోల్మ్యూ అరువిచ్చాడు.
లోపల నిలబడి చివరి సున్నాతో మొదలుపెట్టాను.
కింద రుమాలు పరిచాను.
రేకు చుట్టలు చుట్టుకుని రాలుతోంది.
యాభై వేలు. ఐదు వేలు. ఐదు వందలు. యాభై.
గాజుకి అవతల హెడ్విగ్, పెదాలు కదుపుతూ.
ఐదు మిగిలినప్పుడు చెయ్యెత్తింది, ఆగమన్నట్టు.
ఆగాను.
ఆవిడ లోపలికొచ్చి రుమాల్లోకి వంగి చూసింది,
ఊపిరి తగలకుండా నోటికి కొంగోణీ అడ్డం పెట్టుకుని.
"ఇది ఎన్ని గుడ్లవుతుంది?" అంది.

చెప్పలేకపోయాను.
నాలుగు కొసలూ ముడేసి ఆవిడ చేతిలో పెట్టాను.
ఏం చేసుకుందో ఏమో.

ఆ కిటికీలోకి విత్తనాల కొట్టు వచ్చింది.
పసుపు రంగుతో రాశాను, బయటి నుంచి.
వానకి పోతుందిగా అన్నాడు కొట్టువాడు.
పోనీ, మళ్ళీ రాస్తానన్నాను.