మూగ ఎద

వేసవిలో గేదె ఎదకొస్తే అరవదు.
తీగలు వెయ్యదు, తోక తిప్పదు,
పక్కదాని మీదికి ఎగబడదు.
నీళ్ళతొట్టి దగ్గర ఒక్క క్షణం ఎక్కువ నిలబడుతుంది, అంతే.
మా శిక్షణ పుస్తకంలో దీన్ని మూగ ఎద అన్నారు.

తెల్లవారుజాము మూడుంపావుకి నా ఫోను మోగింది.
ఆరిలోవ, షెడ్డు పద్నాలుగు, మెడపట్టీ 0381.
నెమరు తగ్గినది. అడుగులు పెరిగినవి.
కృత్రిమ గర్భధారణకు అనువైన సమయం.

రుషికొండ మీద అద్దాల మేడలో
గేదెని ఒక్కసారీ ముట్టుకోని కుర్రాళ్ళు రాసిన వాక్యం.
ఇరవై ఏళ్ళు చంక దాకా చెయ్యి పెట్టి నేను నేర్చుకున్నదాన్ని
వాళ్ళు తెర మీద ఒక గీత గీసి ఊరుకున్నారు.
అది తప్పని తేల్చాలని
బండి తీశాను.

వెంకోజీపాలెం నుంచి హనుమంతవాక చేరేలోపే
చొక్కా వీపుకి అంటుకుపోయింది.
కాళ్ళ మధ్య నైట్రోజన్ డబ్బా,
సున్నాకి కింద నూట తొంభై ఆరు.
ఊరంతా ఉక్కపోతలో దొర్లుతుంటే
చలికాలాన్ని మూతపెట్టి మోసుకెళ్తున్నాను.

కోరాడ అచ్చియ్యమ్మ అప్పటికే పేడ ఎత్తేసింది.
షెడ్డుకి రెండు పక్కలా అపార్టుమెంట్లు.
వాసనని కార్పొరేషన్‌కి అర్జీ పెట్టిన రెండో అంతస్తువాళ్ళే
ఆరింటికి గిన్నె పట్టుకుని దిగుతారు,
నీళ్ళు కలపొద్దమ్మా అంటూ.

"ఏటి బాబూ, ఈ యేళప్పుడు?"
"నీ నీలాలు పిలిచింది."
"అది పిలిస్తే నాకినబడదేటి?
ఆ పట్టీ కట్టిన కాణ్ణుంచి దాని మెడ కాడ బొచ్చు ఊడిపోతంది.
అది రాసుకో ముందు."

రాసుకుందామని చూశాను. యాప్‌లో దానికి గడి లేదు.

ఆమె గేదె నడుము మీద అరచెయ్యి ఆనించింది,
పసిదానికి జ్వరం చూసినట్టు.
చాలాసేపు అలాగే ఉంది.
"రేతిరి నుంచీ నాకనుమానమే.
నాను సెప్తే నువ్వు నమ్మవుగదా."

డబ్బా మూత తీశాను.
తెల్లటి పొగ పాదాల మీదికి జారితే
మనవరాలు కాళ్ళు వెనక్కి లాక్కుంది.
అగరువత్తి పుల్లంత గొట్టం.
ముప్పై ఏడు డిగ్రీల నీళ్ళలో ముప్పై సెకన్లు.
లెక్కపెట్టే పని ఆ పిల్లదే:
ఇరవై రెండు తర్వాత ఇరవై నాలుగంది.
నా గడియారం సర్దుకుంది.

"తండ్రెవడు?"
అందరూ అడిగేదే.
గొట్టం మీది నంబరు చదివాను. ముర్రా జాతి.
దాని తల్లి ఈతకి ఇన్ని లీటర్లు ఇచ్చిందని చెప్పాను.
ఆ దున్న చచ్చిపోయి నాలుగేళ్ళయిందని చెప్పలేదు.
కొమ్ములు ఎంత మెలి తిరిగి ఉండేవో
నేనూ చూడలేదు.

భుజం దాకా తొడుగు.
లోపల చీకటి, వెచ్చన,
ఏ సిగ్నలూ అందని చోటు.
వేళ్ళకి గర్భసంచి తగిలింది
బిగించిన పిడికిలిలా.
నిజమే, ఎదలోనే ఉంది.
కుర్రాళ్ళు గెలిచారు, ముసలమ్మా గెలిచింది.
గేదె కడుపులో చెయ్యి ఉండగానే
ఓడిపోయింది నేనొక్కణ్ణే.

ఇరవై ఒకటో రోజు పట్టీ ఏమీ అనలేదు.
నలభై రెండో రోజూ అనలేదు.

మూడున్నర నెలలకి మళ్ళీ వెళ్ళాను, వానలో.
పట్టీ కింద పాత చీర ముక్క
మడతలు పెట్టి కుట్టి ఉంది, ఆకుపచ్చ అంచుతో.
బొచ్చు మళ్ళీ మొలుస్తోంది.
చెయ్యి పెట్టాను.
వేలి కింద ఒక రక్తనాళం
సీసాలో పెట్టిన తేనెటీగలా జుమ్మంటోంది.

అచ్చియ్యమ్మ గేదెని చూడట్లేదు, నా మొహాన్ని చూస్తోంది.
నేను నోరు తెరవకముందే
"సూడి కట్టీసింది," అంది మనవరాలితో.

తొడుగు విప్పి, చెయ్యి కడుక్కుని, గడిలో అదే కొట్టాను.
ఫోను వెంటనే అడిగింది:
మా సేవకు ఎన్ని నక్షత్రాలు?
ఆమెకి చదివి వినిపించాను.
"మొత్తం ఎన్నున్నాయి?"
"ఐదు."
"నాలుగియ్యి.
ఒకటి నీలాలికి ఒగ్గేయ్."