పిలవకముందే

మంగళవారం సాయంత్రం ఆరింటికి
సంత మైదానంలో గొర్రెల షెడ్డు తాళం తీస్తాను.
లోపల పోయిన ఆగస్టు వాసన ఇంకా ఉంటుంది,
రంపప్పొట్టు, ఉన్ని, ఎవరో వదిలేసిన నిమ్మరసం కప్పు.
నెబ్రాస్కా గాలి రేకుల సందుల్లోంచి
నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంటుంది.

ముప్పై ఒక్క ఏళ్లు ఈ కౌంటీలో ఉత్తరాలు పంచాను.
ఎడమ పిక్క మీది నాలుగు పళ్ల గాట్లు
ఓస్టర్‌మన్ వాళ్ల గేటు దగ్గర సంపాదించినవి.
ఆ ఇంటి మనవడే కోల్, ఇవాళ నా ముందు కూర్చుని
కుక్క గోళ్లు కత్తిరించడం నేర్చుకుంటున్నాడు.
"రక్తం వస్తే?"
వస్తుంది నాయనా. కాస్త మొక్కజొన్న పిండి అద్దు.
నీ చెయ్యి వణికిందా, దాని కాలూ వణుకుతుంది.

పదకొండు మంది పిల్లలు, పన్నెండు కుక్కలు.
ఇత్సెల్ రెండు తెస్తుంది.
ఒకటి వాళ్లది. రెండోది
మాంసం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకెళ్లే పక్కింటావిడది.
చెవులు తుడవడం, పిడుదులు ఏరడం,
నీళ్ల గిన్నె అడుగు వేలితో రుద్ది కడగడం.
వీటికి ఎవరూ రిబ్బన్లు ఇవ్వరు,
అందుకే వీటినే ముందు నేర్పుతాను.

ఆ తర్వాతే ఆజ్ఞలు.
పంతొమ్మిదేళ్లుగా నాది ఒకటే సూత్రం:
మాట ఒక్కసారే చెప్పు.
కూర్చో కూర్చో కూర్చో అన్నావంటే
మూడోసారిదాకా ఆగొచ్చని
నువ్వే దానికి పాఠం చెబుతున్నావు.

అది విని ఎమ్మెట్ ద్వోరాక్
తన బూట్ల వంక చూసుకున్నాడు.
పదమూడేళ్లవాడు. వాడి నోట్లో మాటకి
మొదటి అక్షరం గడప దగ్గరే కాలు తట్టుకుంటుంది.
క్క, క్క, క్కూ...
వాడి టర్నిప్, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలిన ఆడకుక్క,
తల పక్కకి వంచి, తొందరేం లేనట్టు,
మాట పూర్తయ్యేదాకా ఉండి కూర్చునేది.

చేతి సైగ చాలురా, నిబంధనలు ఒప్పుకుంటాయి, అన్నాను.
తల అడ్డంగా ఊపాడు.
"దానికి నా గొ... గొంతు ఇష్టం."
వాడు ఆ ముక్క అంటున్నంతసేపూ
షెడ్డులో ఒక్కరూ నవ్వలేదు.
అది నేను నేర్పింది కాదు.

ఆగస్టు. తాడు కట్టిన బరి.
కళ్లజోడుకి గొలుసున్న హాల్వర్సన్ గారు న్యాయనిర్ణేత.
ఎమ్మెట్ టర్నిప్‌ని కూర్చోబెట్టి
నలభై అడుగులు నడిచి వెనక్కి తిరిగాడు.
ఆవిడ తల ఊపింది.
ఇక చెప్పాల్సింది
రా.
ఇంత చిన్న మాట. ఒక్క అక్షరం.
వాడి పెదాలు విడ్డాయి. మెడ నరం ఉబ్బింది.
ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏం లేదు.
కటకటా పట్టుకుని నేనూ నోరు తెరిచి నిలబడ్డానని
ఇత్సెల్ తర్వాత చెప్పి నవ్వింది.

టర్నిప్ లేచింది.
తిన్నగా పరుగెత్తుకొచ్చి
వాడి బెల్టు బకిల్‌కి ముక్కు ఆనేంత దగ్గరగా
కొలిచినట్టు కూర్చుంది.

ఆవిడ కాగితం మీద రాసింది:
పిలవకముందే వచ్చింది. సున్నా.

వాదించాను.
అమ్మా, నేను తపాలా మనిషిని.
మా లెక్కలో ముద్ర పడ్డ రోజే రోజు,
చేరిన రోజు కాదు.
వీడి పిలుపు ఎప్పుడో బయల్దేరింది,
చప్పుడొక్కటే వెనకబడింది.
ఆవిడ కళ్లజోడు తీసి నిదానంగా తుడుచుకుంది.
"కావొచ్చు. నాకు మాత్రం వినపడాలి కదా."
ఆవిడ అన్నదీ సబబే.

తెల్ల రిబ్బను చేత్తో పట్టుకుని
ఎమ్మెట్ నా దగ్గరికొచ్చాడు.
"అది త... తప్పు చేసిందా?"
పుస్తకం ప్రకారం చేసింది, అన్నాను.

కొంచెంసేపు ఆలోచించాడు.
జేబులోంచి ఎండు కాలేయం ముక్క తీసి
దాని నోటికి అందించాడు. ఆ తర్వాత ఇంకొకటి.

తప్పుకి బహుమానం ఇవ్వకూడదని
మొదటి మంగళవారమే నేర్పుతాను అందరికీ.
అటు తిరిగి
కొక్కేనికి వేలాడే మెడపట్టీలు లెక్కపెట్టుకున్నాను,
రెండుసార్లు.